తంబూరా ఆగకూడదు

మధ్యవేలితో మొదటి తీగ, చూపుడువేలితో మిగిలిన మూడు, మళ్ళీ మధ్యవేలు. పది గంటలకు మొదలుపెట్టిన ఈ చెయ్యి పదకొండు దాటేదాకా ఆగకూడదు. తంబూరా మోగుతున్నంతసేపూ దాన్ని పట్టించుకునే నాథుడుండడు, ఆగిందా, బయట చెప్పులకు కాపలా ఉన్నవాడు కూడా తలెత్తి చూస్తాడు. అందుకని సోనీ ముక్కు దురద పెడుతున్నా గోక్కోలేదు, ఎడమకాలు మొద్దుబారి ఎవరి కాలో అయిపోయినా జరపలేదు, మీటుతూ కూర్చుంది. ఎదురుగా షౌకత్ బీ వీపు. తెల్ల దుపట్టా కింద కాస్త వంగిన అరవై ఎనిమిదేళ్ళ వీపు. తొమ్మిదేళ్ళుగా ఏ కచేరీలోనైనా గురువు ముఖం జనానికి, వీపు సోనీకి. ఆ వీపును చదవడం ఆమెకు బాగా వచ్చు. కుడిభుజం లేచిందంటే స్వరాలు పరిగెత్తే తాన్ రాబోతుందని, ఎడమకు ఒరిగిందంటే తబలా అద్నాన్ తొందరపడుతున్నాడని, అసలు కదలకుండా ఉందంటే స్వరం చిక్కిందని. ఇవాళ తోడి రాగంలో మూడో వంతు అయిపోయింది, వీపు కదలడమే లేదు. స్వరం చిక్కిందో, మనసులో ఇంకేదైనా ఉందో. సోనీకి భయంగా ఉంది.

ఒక్క గంట. అందులోనూ ఇరవై నిమిషాలు అప్పుడే పోయాయి. కచేరీ ముగియగానే ఏం జరగబోతోందో ఈ పాత నవాబుల దేవిడీ హాల్లో పెద్దవాళ్ళలో ఇద్దరికే తెలుసు, సోనీకి, తెర పక్కన మైకు పట్టుకుని ముసిముసిగా నవ్వుతూ నిలబడ్డ నందిని మేడమ్‌కి. మేడమ్ వాళ్ళ సంస్థ ఏటా నలుగురు కుర్ర సంగీతకారుల్ని ఎంచుకుంటుంది. రెండేళ్ళపాటు వాళ్ళకు వేదికలు చూపిస్తుంది, బదులుగా ఒక్కటే అడుగుతుంది, పాడి ఇంటికి పోతే కుదరదు, మీ బస్తీలో నలుగురిని పోగేసి సంగీతం నడిపించాలని. ఈసారి సోనీ పేరు వచ్చింది. ఆ సంగతి ఇవాళ వేదిక మీద చెప్తారు. చెప్పగానే ముందు వరసలో బుద్ధిగా కూర్చున్న పదకొండు మంది పిల్లలు, సోనీ ఆదివారం క్లాసు పిల్లలు, పైకెక్కి ఒక బందిష్ పాడతారు. గురువుగారికి కానుక. "సర్‌ప్రైజ్‌గా ఉండాలి సోనీ. ముందే చెప్పేయకు ప్లీజ్. ఆవిడ ఫేస్ చూడాలి నేను," అంది మేడమ్. మంచి మనిషే, మంచి మనసుతోనే అంది. ఆ పాట షౌకత్ బీ తల్లి కట్టిందని, ఆ ఇంటి గడప దాటి బయటికి రాకూడదని, దాన్ని పిల్లలకు నేర్పే హక్కు సోనీకి లేదని మేడమ్‌కు ఎలా తెలుస్తుంది. సోనీ చెప్పలేదు గదా. అక్కడా చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు.

చెప్పడానికి పదకొండు రోజులు టైముండింది. సోమవారం చెప్దామనుకుంటే ఉస్తానీమాకు పన్నునొప్పి. పాతబస్తీలో చదువు చెప్పే ఆడమనిషిని ఉస్తానీ అంటారు, ఇష్టం కొద్దీ మా అని చేరుస్తారు, షౌకత్ బీని పక్కింటి పిల్లలు అలా పిలుస్తుంటే విని సోనీకి కూడా అదే అలవాటైంది. బుధవారం చెప్దామనుకుంటే చుట్టాలు. శుక్రవారం నమాజు, శనివారం నోటిదాకా వచ్చింది గాని ఆమె ఆ రోజు చాలా సంతోషంగా ఉంది, సంతోషంగా ఉన్న మనిషిని చెడగొట్టడం దేనికని మింగేసింది. పన్నునొప్పి ఉన్నా చెప్పలేదు, సంతోషంగా ఉన్నా చెప్పలేదు, ఇంక ఎప్పుడు చెప్తావే మొద్దూ. ఇవాళ పొద్దున ఆటోలో ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా తంబూరా, గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతోంది, "ఉస్తానీమా, ఒక్క మాట," అంది. "మాట తర్వాత. తంబూర మెడ పట్టుకో, రాడ్‌కు తగుల్తది," అంది ఆమె. సోనీ మెడ పట్టుకుంది. దేవిడీ వచ్చేసింది.

ఎర్రదారం. సోనీ కుడి మణికట్టు మీద ఆరేళ్ళ కిందట కట్టిన దారం, ఎన్ని సార్లు తడిసిందో ఇప్పుడు ఎరుపని చెప్తే నమ్మాలి. బాపు సీమోను నల్లా లైన్‌మన్, దబీర్‌పురా గల్లీలకు రోజు విడిచి రోజు నీళ్ళు వదిలే మనిషి, ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని వాల్వులు తిప్పుతాడు. షౌకత్ బీ ఇంటి ముందు వాల్వు తిప్పుతూ పై నుంచి పాట వస్తుంటే నీళ్ళు పది నిమిషాలు ఎక్కువ వదిలేవాడట, ఆ గల్లీ వాళ్ళంతా బీ పాట ఇంకాసేపు సాగితే బాగుండునని అందుకే అనుకునేవాళ్ళట. ఒకరోజు చర్చి పాటలు పాడే కూతుర్ని వెంటబెట్టుకుని పోయి నిలబడ్డాడు. "మా పొల్ల మంచిగ పాడ్తది ఉస్తానీ. జర సూడున్రి." పాడమంది. పాడింది. "గొంతున్నది. చెవి లేదు. చెవి వచ్చేదాక తంబూర పట్టుకో," అంది. మూడేళ్ళు తంబూరానే. ఫోన్లో తంబూరా యాప్ వచ్చింది గదా అని ఒకసారి నోరుజారితే, "గా మిషిన్ను కూసోబెట్టుకుంట అయితే, నువ్వు ఇంటికి వో," అంది. తర్వాత ఒక గురువారం పొద్దున నోట్లో నానబెట్టిన శనగలు, బెల్లం పెట్టి, ఇక నువ్వు నా శిష్యురాలివని దారం కట్టింది. "ఇగ ఇను బేటీ. నేను ఇచ్చింది పాడు. నేను ఇయ్యంది ఎవ్వలకు ఇయ్యకు." అంతే, రెండు మాటలు. సోనీ తల ఊపింది. ఆ రోజు ఇంటికి పోయి బాపుకు దారం చూపిస్తే ఆయన చేతులు కడుక్కుని వచ్చి ముట్టుకున్నాడు.

రిజ్వాన్‌కూ దారం ఉండేది. షౌకత్ బీ సొంత చెల్లెలి కొడుకు, పన్నెండేళ్ళు నేర్చుకున్నాడు, సోనీ చూసిన గొంతుల్లో అంత మెత్తటి గొంతు లేదు. స్నేహితుడి పెళ్ళి విందులో, వలీమాలో, అందరూ పాడు పాడు అని పట్టుబడితే ఇంటి బందిష్ ఒకటి పాడాడు. ఒక్కటే. మూడోరోజుకు షౌకత్ బీకి తెలిసింది. అరవలేదు, తిట్టలేదు. వాడు వచ్చి కూర్చున్నాక కత్తెర తెమ్మంది, తెచ్చింది సోనీయే, దేనికో తెలియక తెచ్చింది, చెయ్యి పట్టుకుని దారం కత్తిరించి, "చాయ్ తాగి పో బేటా," అంది. వాడు నిజంగానే కూర్చుని చాయ్ తాగాడు, తాగుతూ ఏడ్చాడు. ఇప్పుడు మలక్‌పేటలో మొబైల్ కవర్లు అమ్ముతాడు. ఎదురైతే నవ్వుతాడు, పాడతావా భాయ్ అంటే, "ఏం పాడాలె, ఉన్నయన్నీ ఆమెవే," అంటాడు. సోనీకి ఇప్పుడు కూడా ఆ మాటే గుర్తొచ్చింది, మధ్యవేలు, చూపుడువేలు, చూపుడువేలు, చూపుడువేలు.

తోడి అయిపోయింది. చప్పట్లు. ఉస్తానీమా నీళ్ళు తాగుతోంది, నసీరుద్దీన్ చాచా హార్మోనియం మీద పంచమం నొక్కి పట్టుకున్నాడు. ఇప్పుడు కూడా తంబూరా ఆగకూడదు. ఒంగి చెవిలో చెప్పొచ్చు గదా, ఇదిగో ఇంత దూరంలో ఉంది చెవి, తెల్లవెంట్రుకల వెనక బంగారు కమ్మ. ఏమని చెప్పాలి. ఉస్తానీమా, నేను దొంగను, మిగతా పాట పాడండి అనా. పోనీ కళ్ళు తిరిగి పడిపోతే. ఒక తీగ తెగ్గొడితే. తెగ్గొడితే ఇంకో తీగ వేసి అరగంటలో మళ్ళీ మొదలుపెడతారు, పిల్లలు ఎక్కడికీ పోరు, వాళ్ళకు సమోసాలు ఇస్తామన్నారు. యేసయ్యా, కరెంటు తీసెయ్యి. కరెంటు పోతే ఈమె మైకు లేకుండా ఇంకా బాగా పాడుతుంది, ఆ పిల్లలు సరేసరి, వాళ్ళకు మైకుతో పనేముంది, వాళ్ళలో చింటు ఒక్కడు నోరు తెరిస్తే రైల్వే స్టేషన్ అవతలికి వినిపిస్తుంది.

ఆ పాట దొరికింది మెట్ల మీద. ఉస్తానీమా దాన్ని ఎవరి ముందూ పాడదు, తలంటుకుని కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకునేటప్పుడు ఒంటరిగా పాడుకుంటుంది. జౌన్‌పురీ రాగం. ద్వార్ న మూందో రీ మాయీ, ధూప్ ఆయీ అంగనా. తలుపు మూయకే తల్లీ, ఎండ వాకిట్లోకి వచ్చింది. సోనీ వేళకు ముందే వచ్చిన రోజుల్లో మెట్ల మీద చెప్పులు విప్పుతూ వినేది, విప్పడానికి ఏముంది, హవాయి చెప్పులు, అయినా పావుగంట విప్పేది. అలా నాలుగైదేళ్ళు విన్నది, ఒక్కో వాన, ఒక్కో ఎండాకాలం, ముక్కలు ముక్కలుగా. పాటంతా వచ్చింది, ఒక్కచోట తప్ప. "అంగనా" దగ్గర ఉస్తానీమా గొంతు బాగా తగ్గిపోతుంది, తనకు తనే చెప్పుకుంటున్నట్టు, మెట్ల దాకా రాదు. ఆ ఖాళీని సోనీయే పూరించింది. అంగనా అని పైకి తీసుకుపోయి నిషాదం మీద నిలబెట్టింది. ఎంత బాగా కుదిరిందో. ఎవరికీ చెప్పుకోలేదు గాని, ఆ ఒక్క మలుపు తనది అని లోపల ఒక గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది, భయం కింద నలిగి ఉంది గాని ఉంది.

పిల్లలకు నేర్పడం మాత్రం నిజంగా అనుకుని చేసింది కాదు. స్టేషన్ వెనక చర్చి వాళ్ళ చిన్న గది, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఖాళీ, పాస్టరమ్మను అడిగితే తాళం ఇచ్చింది. మొదట ముగ్గురొచ్చారు, తర్వాత పదకొండు మంది. సక్కుబాయి మనవడు చింటు, బుర్ఖాల దుకాణం వాళ్ళ ఆఫ్షీన్, ఇంకా వాళ్ళ వాళ్ళ చెల్లెళ్ళు. సరిగమలు పాడించి పాడించి ఆ రోజు వాన, రేకుల మీద వాన, ఏమీ వినపడటం లేదు, పిల్లలు విసుగెత్తి, "అక్కా, నిజం పాట చెప్పక్కా," అన్నారు. నిజం పాట. సోనీ నోట్లోంచి అదే వచ్చింది, తెలిసిన పాటల్లో దానికంటే నిజమైనది ఇంకోటి లేదు మరి. వచ్చే వారానికి మర్చిపోతారులే అనుకుంది. పిల్లలు లెక్కలు మర్చిపోతారు, ఇంటిపని మర్చిపోతారు, ఇది మర్చిపోలేదు. పదకొండు గొంతులు అంగనా అని పైకి లేస్తే సోనీకి ఒళ్ళు జలదరించింది, తన జన్మలో అంత సంతోషం ఎరగదు. సంస్థకు పంపడానికి వీడియో కావాలన్నారు, పిల్లలు అదే పాడతామన్నారు. వేరేది నేర్పిద్దామని తర్వాత ఎంతో చూసింది, "నో నో, వీడియోలోదే," అంది నందిని మేడమ్, దాంతో తలుపులన్నీ మూసుకున్నాయి.

ఉస్తానీమా గొంతు సవరించుకుంది. హార్మోనియం మీద స్వరాలు మారాయి. రిషభం, మధ్యమం, పంచమం, ధైవతం. జౌన్‌పురీ. ఫరవాలేదు, జౌన్‌పురీలో ఆమె పాడేవి నాలుగున్నాయి, వేదిక మీద పాడేవి నాలుగూ సోనీకి తెలుసు, వాటిలో ఏదో ఒకటి. కుడిభుజం లేచింది. ద్వార్ న మూందో.

కాదు. ఇది కాదు. ఈమె దీన్ని బయట పాడదు, యాభై ఏళ్ళుగా పాడలేదు, ఇంటి పాట బయట పాడొచ్చంటే రిజ్వాన్ దారం ఎందుకు తెగింది. నసీరుద్దీన్ చాచా కూడా ఒక్క క్షణం హార్మోనియం మీద వేళ్ళు వెతుక్కున్నాడు, ఆయనా ఎప్పుడూ విననే లేదు. ముందు వరసలో మాత్రం పదకొండు తలలు ఒక్కసారి లేచాయి. ఆఫ్షీన్ మోచేత్తో చింటును పొడిచింది. మన పాట, మన పాట. సోనీ కళ్ళతో వద్దని చెప్పింది, తల అడ్డంగా ఊపింది, వద్దురా నాయనా నీ కాళ్ళు మొక్కుతా. చింటు నవ్వి చెయ్యి ఊపాడు. రెండో సారి పల్లవి తిరిగేసరికి వాళ్ళ పెదాలు కదులుతున్నాయి, మూడోసారికి సన్నగా గొంతులు, నాలుగోసారి ఉస్తానీమా ధూప్ ఆయీ దగ్గర ఊపిరి కోసం ఆగింది, అంతే, ఆ సందులోంచి పదకొండు మంది ఒక్కపెట్టున అంగనా అని పైకి ఎగిరిపోయారు. సభంతా నవ్వింది, ముచ్చటపడి నవ్వింది. నందిని మేడమ్ కంగారుగా పిల్లలకు సైగలు చేస్తోంది, సర్‌ప్రైజ్ పాడైపోతోందని ఆమె బాధ. సోనీ చెయ్యి మాత్రం మీటుతోంది, దానికి ఇంకేమీ రాదు.

ఉస్తానీమా చెయ్యెత్తింది. తబలా ఆగింది, హార్మోనియం ఆగింది. తంబూరా ఒక్కటే మిగిలింది.

"గట్ల గాదు బేటా," అంది పిల్లలతో, మైకులోనే, ఇంట్లో చాప మీద కూర్చుని చెప్పినట్టు. "ఇంకోసారి పాడున్రి."

పాడారు. పైకే పోయారు.

"ఎందుకు మీదికి పోతున్రు? ఎండ యాడికెళ్ళి వస్తది వాకిట్లకు? గోడ మీద పడి, గోడ పట్టుకొని, మెల్లగ కిందికి దిగుతది. పొద్దుగాల మా అమ్మ గట్ల చూసుకుంట కట్టింది. దించున్రి." దించి చూపించింది, ధైవతం నుంచి పంచమం మీదుగా గాంధారం దాకా, మెట్ల మీద సోనీకి ఎన్నడూ వినపడని ఆ నాలుగు స్వరాలు. అంత చిన్నవి. సోనీ వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదులు, ఎండ కావాలంటే మెట్లెక్కి మిద్దె మీదికి పోవాలి, ఎండ అంటే పైన ఉండేదే అనుకుంది, ఇన్నేళ్ళూ అనుకుంది. పిల్లలు రెండోసారికి పట్టేశారు. చింటు అరచెయ్యి గాలిలో మెల్లగా దించుతూ మరీ పాడాడు.

"షాబాష్. ఎవలు నేర్పిన్రు మీకు?"

"సోనక్కా!" పదకొండు వేళ్ళు సోనీ వైపు లేచాయి.

"మరి సోనక్కకు ఎవలు నేర్పిన్రు?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయట గల్లీలో ఎవడో పాత సామాన్లు కొంటామని అరుస్తూ పోతున్నాడు. ఆ ప్రశ్న పిల్లలకు కాదు.

"ఎవ్వలు నేర్పలే," అంది సోనీ. మైకు లేని గొంతు, అయినా అందరికీ వినపడింది. "మెట్ల మీద కూసోని ఇన్న, ఉస్తానీమా. దొంగ లెక్క ఇన్న."

షౌకత్ బీ వెనక్కి తిరిగింది. కచేరీ మధ్యలో ఆ ముఖం సోనీకి ఎదురుగా రావడం ఇదే మొదటిసారి, కళ్ళకు కాటుక పెట్టుకుందని కూడా ఇప్పుడే తెలిసింది. మైకుకు అందకుండా, చెవిలో చెప్పినట్టు చెప్పింది. "నాలుగు నెల్లాయె. మా కిటికీల కెళ్ళి ఇంటున్న, గల్లీల ఆడుకుంట పాడ్తున్రు పోరగాండ్లు. నువ్వొచ్చి చెప్తవని చూసిన. పొద్దుగాల ఆటోల కూడ చూసిన. నువ్వు చెప్పకపోతివి. ఇగ నేనే పాడిన, దొంగతనం గాకుంట."

సోనీ మీటడం ఆపకుండానే కళ్ళు భుజానికి తుడుచుకుంది.

"ఏడ్వకు. పాడు. నేర్పుతున్న. అంగనా."

పాడింది. పైకి పోయింది. నిషాదం మీద నిలబడ్డ తర్వాత గాని తెలియలేదు.

"మళ్ళ."

మళ్ళీ పైకే. గొంతుకు దారి అదే తెలుసు, తనే వేసిన దారి. "కిందికక్కా, కిందికి," అన్నాడు చింటు గుసగుసగా, సభ మొత్తానికి వినపడేలా. పిల్లలకు వచ్చేసింది, హార్మోనియం చాచాకు వచ్చేసింది, ముందు వరసలో ముసలాయన ఎవరో పెదాలు కదిపి దించుకుంటున్నాడు, అందరికీ వచ్చింది. నందిని మేడమ్ చేతిలో సోనీ పేరున్న కాగితం పట్టుకుని గడియారం చూసుకుంటోంది. సోనీకి సిగ్గుగా ఉంది, ఇంత సిగ్గు జన్మలో పడలేదు. ఆ సిగ్గు అడుగున సంతోషం లాంటిది కూడా ఉంది, తొమ్మిదేళ్ళకు ఇంటి పాట ఆమె నోటితో తనకిస్తోంది, మూడు వందల మంది ముందు ఇస్తోంది, తీసుకోవడానికే చేతకావడం లేదు. మూడోసారి ధైవతం దాటి పంచమం దాకా దిగింది, అక్కడ ఒక్క క్షణం వణికింది, మళ్ళీ పైకే పోయింది.

ఉస్తానీమా ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.

"మళ్ళ," అంది.